వస్తువుల కుట్రకథల కింద అసలు కారణమూ వేయండి

సంపాదకుడు గారికి,

ఇయర్‌ఫోన్ తీగ జేబులో ముడిపడటం వెనక ఓ రహస్య సంఘం ఉందనీ, చెంచాలు వేరే గ్రహానికి వలసపోతున్నాయనీ అల్లి మీరు పత్రికలో వేసే సరదా కథలు నాకూ ఇష్టమే. వాటిని ఆపమనడం లేదు. ప్రతి కథ కిందా ఆ వస్తువు నిజంగా అలా ఎందుకు చేస్తుందో నాలుగు వాక్యాలు వేయమని గట్టిగా కోరుతున్నాను.

తీగ సంగతే చూడండి. 2007లో డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్ అనే శాస్త్రవేత్తలు పెట్టెలో దారం వేసి, పెట్టెను మూడు వేల సార్లకు పైగా దొర్లించి చూశారు. క్షణాల్లోనే ముడులు పడ్డాయి. చుట్టలుగా పడి ఉన్న దారం సందుల్లోంచి దాని కొస దూరి అల్లుకుంటుందట. 46 సెంటీమీటర్లకన్నా పొట్టి దారానికి మాత్రం ముడి పడలేదు. ఏ రహస్య సంఘమూ అక్కర్లేదు, పొడవూ కుదుపూ చాలు. చెంచాల లెక్కా తేలిందే. మెల్‌బోర్న్‌లోని ఒక పరిశోధన సంస్థలో 70 చెంచాలకు గుట్టుగా గుర్తులు పెడితే అయిదు నెలల్లో 56 మాయమయ్యాయి. ఉమ్మడి సొత్తు అనుకున్న వస్తువును ఎవరి అవసరానికి వారు పట్టుకుపోతారు.

నా అసలు బాధ వేరే ఉంది. వస్తువుల వెనక నిజంగానే మంతనాలు జరిగిన సందర్భాలున్నాయి. 1924 డిసెంబరులో పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు జెనీవాలో ఫీబస్ పేరుతో కూటమి కట్టి, బల్బు ఆయుష్షును వెయ్యి గంటలకు కుదించాయి. అంతకుమించి వెలిగే బల్బులు చేసిన సభ్య కంపెనీకి జరిమానా! చాలా కలర్ లేజర్ ప్రింటర్లు ప్రతి కాగితం మీదా కంటికి ఆనని పసుపు చుక్కలు ముద్రిస్తాయి. ఒక ప్రింటర్ చుక్కలను 2005లో విప్పి చూస్తే యంత్రం నంబరు, తేదీ, సమయం బయటపడ్డాయి. దీన్ని కథగా రాసి ఉంటే మరీ అతిగా ఉందని పక్కన పడేసేవాళ్లం. పాత ఫోన్లను కంపెనీలు కావాలనే నెమ్మది చేస్తున్నాయంటే ఎంతకాలం అనుమానపు మనుషులంటూ నవ్వారు! బ్యాటరీ అరిగిన ఫోన్ల వేగం తగ్గించామని 2017 డిసెంబరులో ఆపిలే ఒప్పుకుంది. ఆ సంగతి కొన్నవాళ్లకు చెప్పనందుకు ఫ్రాన్స్ 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది.

చెంచాల వలసనూ ఫోను నెమ్మదినీ ఒకే నవ్వులో కలిపేస్తే లాభపడేది తయారీదారులే. జవాబు అడగాల్సిన కొనుగోలుదారు నవ్వులపాలవుతాడు. అందుకే కథ కింద వేసే వివరణలో ఒక్క విషయం తేల్చి చెప్పండి: ఈ వింత భౌతిక సూత్రాల వల్లా, మన అలవాటు వల్లా, లేక ఎవరో తీసుకున్న నిర్ణయం వల్లా? నిర్ణయమే అయితే ఎవరు, ఏ సంవత్సరంలో తీసుకున్నారో కూడా రాయండి.

పాఠకుల ప్రశ్నలూ తీసుకోండి. మొదటిది నాదే. ఇంకు అయిపోయిందని ప్రింటర్ చెప్పేటప్పుడు, నిజంగా కొలిచి చెబుతోందా, ముద్రించిన పేజీలు లెక్కపెట్టి చెబుతోందా?

ఇట్లు,
ఒక పాఠకురాలు