సీసా అడుగున ఉన్నవి గాజు ముక్కలు కావు

మన దగ్గర నల్లద్రాక్ష రసం తీసుకునేవాళ్లందరికీ నమస్కారం. అనంతపురంలో ఎండలు ముదిరాయి, సీసాలు డీప్ ఫ్రీజర్లోకి వెళ్తున్నాయి. దాంతో రెండు ఫిర్యాదులు వస్తున్నాయి: అడుగున గాజుపెంకుల్లాంటివి ఉన్నాయని ఒకటి, సీసా పగిలిందని ఇంకొకటి. రెండూ అతిచల్లదనం వల్ల వచ్చేవే. మొదటిదానికి భయపడక్కర్లేదు. రెండోదానికి భయపడాలి.

ద్రాక్షలో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. హిందూపురం మార్కెట్‌కొచ్చే చింతపండు పులుపులోనూ ముఖ్యమైంది ఇదే. ద్రాక్షలోని పొటాషియంతో కలిసి ఇది పొటాషియం బైటార్ట్రేట్ అనే లవణం అవుతుంది. మరిగే నీళ్లలో 100 మి.లీ.కి 6 గ్రాముల దాకా కరిగే ఈ లవణం, 20 డిగ్రీల దగ్గర అరగ్రాము పైచిలుకే కరుగుతుంది. చల్లబడేకొద్దీ కరగలేనిది కలకండ పలుకుల్లా అడుగున చేరుతుంది. నల్లద్రాక్ష రంగు పట్టి ఊదాగా కూడా కనిపిస్తుంది. వైన్‌లోనూ ఇంతే. ఆల్కహాల్ ఉన్నచోట ఇది ఇంకా తక్కువ కరుగుతుంది కాబట్టి, వైన్ చేసేవాళ్లు సీసాల్లో నింపకముందే -4 డిగ్రీల దగ్గర రోజుల తరబడి ఉంచి రాల్చేస్తారు.

అనుమానముంటే పంటితోనో వేళ్లతోనో నలిపి చూడొద్దు. చిటికెడు పలుకులు స్టీలు చెంచాలోకి తీసి, చల్లటి నీళ్లతో ఒకసారి కడగండి. రసం అంటుకుని ఉంటే చివర్లో వేసే వంటసోడా దాని పులుపుకే పొంగుతుంది, పరీక్ష తప్పుతుంది. తర్వాత సగం గ్లాసు మరిగే నీళ్లలో వేసి కలపండి. ఈ లవణమైతే కరుగుతుంది, చిటికెడు వంటసోడా వేస్తే బుడగలొస్తాయి. గాజైతే కరగదు, పొంగదు. కరగనిది మిగిలితే ఆ రసం తాగకండి, సీసా అలాగే తెచ్చివ్వండి.

ఇక గడ్డకట్టడం. చక్కెర ఉండటంవల్ల ద్రాక్షరసం -2 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, 12 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ -5 దగ్గర. ఇంటి ఫ్రీజర్ -18. గడ్డకట్టిన నీరు 9 శాతం ఉబ్బుతుంది. 750 మి.లీ. రసానికి దాదాపు 60 మి.లీ. అదనపు చోటు కావాలి, మెడలో అంత ఖాళీ ఉండదు. మూత లేస్తుంది, లేదా గాజు చీలుతుంది. వైన్ సీసాకైతే బిరడా పైకి తన్నుకొచ్చి గాలి దూరుతుంది.

వెంట్రుకంత చీలిక కనిపించినా మొత్తం పారబోయండి. గుడ్డలో వడగట్టి తాగొచ్చనుకోవద్దు, సన్నని గాజు నలుసులు గుడ్డలోంచి దిగిపోతాయి. సీసా బాగుంటే గిన్నెలో నిలబెట్టి ఫ్రిజ్ కిందిఅరలో రాత్రంతా ఉంచండి. వేడినీళ్లలో పెడితే అప్పుడు పగులుతుంది. పూర్తిగా కరిగాక బాగా కుదిపి పోసుకోండి. సగంలో పోస్తే మొదట చిక్కటి తీపి, చివర్లో నీళ్లు. మూత లేచిన సీసాను రెండు మూడు రోజుల్లో అవగొట్టాలి. గడ్డకట్టినంత మాత్రాన ఈస్ట్ చావదు, రసం పులిసిపోతుంది.

వచ్చే విడత నుంచి రసాన్ని స్టీలు ట్యాంకులో సున్నా డిగ్రీల దగ్గర కొన్ని రోజులుంచి, పైతేటను తీసుకుని, కాచి నింపుతాం. మడ్డితోపాటు కొంత రసం పోతుంది, కరెంటు ఖర్చూ ఉంటుంది, అయినా ధర పెంచడం లేదు. పలుకులు తగ్గుతాయి, పూర్తిగా పోవు. ఐస్ కావాలనుకునేవాళ్లు రసాన్ని ప్లాస్టిక్ డబ్బాలో ముప్పావు వంతే నింపి ఫ్రీజర్లో పెట్టండి. పరీక్షలో కరగని ముక్కలున్న సీసాకు బదులు సీసా ఇస్తాం, ఫ్రీజర్లో పగిలినదానికి ఇవ్వలేం.