‘సాధారణం’ అంటే ఎంత, మంత్రిగారూ?

రేడియేషన్ పర్యవేక్షణ బాధ్యత చూస్తున్న మంత్రిగారికి,

నమస్కారం. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగితే ప్రభుత్వాల నోట ముందుగా వచ్చే మాట ఒకటే: ‘మన దగ్గర స్థాయులు సాధారణంగానే ఉన్నాయి, ఆందోళన అక్కర్లేదు.’ చాలాసార్లు అది నిజమే. కానీ సాధారణం అంటే ఎంత? నిన్న ఎంత, ఈ ఉదయం ఎంత? అంకె అడిగితే ధైర్యం చెబుతారేమిటి?

1986 ఏప్రిల్ 26న అర్ధరాత్రి దాటాక అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో నాలుగో రియాక్టరు పేలింది. ఆ సంగతి ప్రపంచానికి ముందు చెప్పింది మాస్కో కాదు, ఒక బూట్ల జత. 28వ తేదీ ఉదయం, సుమారు 1,100 కిలోమీటర్ల దూరాన స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్లకు రేడియేషన్ తనిఖీ యంత్రం మోగింది. లీకు తమ దగ్గరే అనుకుని కంగారుపడ్డారు. తీరా చూస్తే అది చెర్నోబిల్ నుంచి గాలిలో కొట్టుకొచ్చి వానతో నేలకు దిగిన రేడియోధార్మిక ధూళి. సోవియట్ టీవీ నోరు విప్పింది ఆ సాయంత్రం పొద్దుపోయాకే. ఆ యంత్రాన్ని చెర్నోబిల్ కోసం ఎవరూ పెట్టలేదు. రోజూ పనిచేస్తోంది కాబట్టి పట్టుకుంది, అంతే.

2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో ప్రమాదం జరిగే సమయానికి, అలాంటి ధూళి ఎటు వెళ్తుందో లెక్కగట్టే ‘స్పీడీ’ అనే వ్యవస్థ అక్కడి ప్రభుత్వం చేతిలోనే ఉంది. దాని అంచనాలు మొదటి రోజుల్లో జనానికి చేరలేదు. ఎంత వెలువడుతోందో తెలియనప్పుడు అంచనాలు నమ్మదగినవి కావన్నది అధికారుల సమాధానం. ఆ కేంద్రానికి దగ్గర్లోని నమియె పట్టణవాసులు చాలామంది వాయవ్యాన ఉన్న త్సుషిమాకు వెళ్లి తలదాచుకున్నారు. ధూళీ అటే వెళ్లింది. ఆ తర్వాత మామూలు మనుషులే కార్లకు గీగర్ కౌంటర్లు (రేడియేషన్ కొలిచే చిన్న మీటర్లు) కట్టుకుని తిరిగి, ‘సేఫ్‌కాస్ట్’ పేరుతో అంకెలు అందరి ముందూ పెట్టారు.

మీరూ రోజూ అంకెలు బయటపెట్టించండి. అంకెలు ఇస్తే జనం బెదిరిపోతారని మీ అధికారులు అనవచ్చు. ఆ మాటలో కొంత నిజం ఉంది. నా దగ్గరా చిన్న కౌంటర్ ఉంది. మామూలు రోజుల్లో గంటకు 0.11 మైక్రోసీవర్ట్ (రేడియేషన్ మోతాదుకు కొలమానం) దగ్గర తచ్చాడుతుంది. ఒకసారి జోరువానలో 0.17కి ఎక్కితే నాకూ గుండె ఝల్లుమంది. నేలలోంచి వచ్చే రేడాన్ వాయువు నుంచి పుట్టిన పదార్థాలను వాన కిందికి దించుతుందని, అవి కొద్ది గంటల్లో తగ్గిపోతాయని అప్పుడే తెలుసుకున్నాను. కాబట్టి రీడింగు పక్కనే వాన లెక్క కూడా వేయించండి. ఏడాది పొడవునా ఆ ఎగుడుదిగుళ్లు చూసినవాడు ప్రమాదం నాడు పుకారుకు అంత తేలిగ్గా లొంగడు.

ఇంకొక మాట. దూరం నుంచి వచ్చేది సాధారణంగా అత్యల్ప మోతాదు; నా కౌంటర్‌కే కాదు, స్తంభానికి బిగించిన మీటరుకూ అందకపోవచ్చు. గాలిని వడపోసి, ఆ ఫిల్టరును ప్రయోగశాలలో పరీక్షిస్తేనే తెలుస్తుంది. అణు ప్రమాదాల్లో వెలువడే అయొడిన్-131 అనే రేడియోధార్మిక పదార్థం ఎనిమిది రోజులకు సగమవుతుంది, నాలుగు వారాలకు పదో వంతు కూడా మిగలదు. అది గడ్డి నుంచి పాలలోకి, పాల నుంచి పిల్లల థైరాయిడ్‌కు చేరుతుందని చెర్నోబిల్ చూపింది. నెల తర్వాత అచ్చయ్యే నివేదిక ఎవరికి? గాలి, పాల ఫలితాలను పరీక్ష అయిన రోజే బయటపెట్టించండి.

చివరగా ఒక చిన్న పని. ఒక ప్రభుత్వ కేంద్రం రీడింగును వారం పాటు గమనించాను. పగలూ రాత్రీ, వానలోనూ ఎండలోనూ అదే 0.10. బతికున్న మీటరు అంత నిలకడగా ఉండదు. ఆగిన చోట ‘ఆగింది’ అని రాయించండి, ఏ రోజు నుంచో కూడా.

ఇట్లు,
ఒక పౌరుడు