పుట్టుబుద్ధి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చేరింది. “రోగనిరోధక శక్తి గురించి చదువుకున్నవాడివి, రక్త క్యాన్సరుతో నీకేం పని?” అని అడిగావు. పిల్లలకు వచ్చే తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా చాలామటుకు ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన బి కణాల (రోగక్రిములను ఎదిరించే యాంటీబాడీలనే ప్రోటీన్లను తయారుచేసే తెల్లకణాల) గుంపే కాబట్టి, ఆ రెండూ నాకు వేరు వేరు పనులుగా ఎన్నడూ తోచలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారే, ఆ సామెత ఈ కణానికి అతికినట్టు సరిపోతుంది.

నిన్న మైక్రోస్కోపులో చూసినది చెబుతాను. మూలుగ నుంచి తీసిన లుకేమియా కణాలను ఒంటరిగా ఫ్లాస్కులో వేస్తే, ఎన్ని పోషకాలు పోసినా కొద్ది రోజుల్లోనే చాలామటుకు ముడుచుకుపోయి చచ్చిపోతాయి. అడుగున మూలుగలోని ఆధార కణాలను పరిచి వాటిపై వేస్తే మాత్రం, కొన్ని మెరుస్తూ పైన ఉండిపోగా, మరికొన్ని ఆధార కణాల కిందికి దూరి, మెరుపు పోయి, గులకరాళ్లు పరిచినట్టు నల్లగా కనిపిస్తాయి. ఆరోగ్యవంతమైన పసి బి కణాలు కూడా ఇలాగే ఆధార కణాలను అంటిపెట్టుకుని పెరుగుతాయి. జబ్బుపడిన కణం తన పెంపకాన్ని మరచిపోలేదన్నమాట.

ఈ కణానికి ప్రమాదం దాని వృత్తిలోనే ఉంది. లెక్కలేనన్ని రకాల యాంటీబాడీలు తయారుచేయడానికి అది తన డీఎన్ఏను తానే కోసి, ముక్కలను కొత్త వరుసలో అతికించుకుంటుంది. సుసుము టొనెగావా 1976లో బయటపెట్టి, 1987లో నోబెల్ బహుమతి అందుకున్నది ఈ సంగతికే. ఆ కోతకు వాడే కత్తెర పేరు రాగ్. అది పడరాని చోట పడితే, కణం ఎదుగుదలను అదుపులో ఉంచే జన్యువులే ఊడిపోతాయి. ఈటీవీ6, రన్‌ఎక్స్1 అనే రెండు జన్యువులు అతుక్కుపోయిన లుకేమియాలో ఆ తొలి తప్పు తరచుగా బిడ్డ పుట్టకముందే జరుగుతుంది; పుట్టగానే మడమ నుంచి తీసి కాగితం మీద ఆరబెట్టిన నెత్తుటి చుక్కల్లోనే దాని జాడ దొరికింది. తర్వాత జరిగే నష్టంలో రాగ్ కత్తెర చేయి చాలా ఉంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. బతుకు, పెరుగు అని చెప్పే లోపలి సంకేతం బి కణానికి మరీ తక్కువైతే బతకదు, మరీ ఎక్కువైనా బతకదు. సొంత శరీరం మీదికే ఎగబడే కణాలను ఏరివేయడానికి శరీరం పెట్టుకున్న కట్టుబాటు అది. ఫిలడెల్ఫియా క్రోమోజోము (ముక్కలు తారుమారై అతుక్కున్న ఒక క్రోమోజోము) ఉన్న లుకేమియాలో అతిగా మోగే సంకేతాన్ని ఇమాటినిబ్ లాంటి మందులతో తగ్గిస్తాం. అయితే మార్కుస్ మ్యూషెన్ అనే పరిశోధకుడి బృందం 2015లో అదే సంకేతానికున్న బ్రేకును తీసేసి, దాన్ని ఇంకా పెంచి, ఆ కణాలు చనిపోవడం చూపించింది. మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమోనని మళ్లీ వెనక్కి వెళ్లాను! క్యాన్సరుగా మారినా కణానికి ఆ పాత కట్టుబాటు తప్పలేదు.

ఇంతకూ ‘బి’ అన్న అక్షరం ఎక్కడిదో తెలుసా? కోడి తోక దగ్గరుండే బర్సా అనే చిన్న సంచిది. అది తీసేసిన కోళ్లలో యాంటీబాడీలు సరిగా పుట్టడం లేదని బ్రూస్ గ్లిక్ బృందం 1956లో కోళ్ల పెంపకం పత్రికలో రాస్తే, చాలాకాలం పట్టించుకున్నవారు తక్కువ. మనుషుల్లో ఆ పని మూలుగది.

చివరగా ఒక పిల్లవాడి సంగతి. 1952లో ఆగ్డెన్ బ్రూటన్ అనే వైద్యుడు, మాటిమాటికీ అంటురోగాల పాలవుతున్న ఎనిమిదేళ్ల బాలుడి రక్తంలో గామా గ్లోబ్యులిన్ (యాంటీబాడీలుండే రక్తభాగం) లేదని కనిపెట్టి, దాన్ని బయటి నుంచి ఇంజెక్షన్ల రూపంలో ఇచ్చాడు. ఆ జబ్బుకు మూలమైన బీటీకే అనే జన్యువు 1993లో దొరికింది. అది తయారుచేసే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇబ్రూటినిబ్ 2014 నుంచి పెద్దవారికి వచ్చే దీర్ఘకాలిక బి కణ లుకేమియాకు మందయింది. ఇక 2017లో అమెరికాలో అనుమతి పొందిన కార్-టి చికిత్స (రోగి సొంత టి కణాలను మార్చి క్యాన్సరు మీదికి పంపే పద్ధతి), పైన సీడీ19 అనే గుర్తు ఉన్న బి కణాలన్నిటినీ, మంచివీ చెడ్డవీ అని చూడకుండా, తుడిచిపెడుతుంది. అందుకే దాంతో కోలుకున్న పిల్లల్లో చాలామందికి, ఆనాడు ఆ బాలుడికి ఇచ్చినట్టే, ఇప్పటికీ ఇమ్యునోగ్లోబ్యులిన్ (అంటే యాంటీబాడీలే) ఎక్కిస్తున్నాం.

ఫ్లాస్కులు మార్చే వేళయింది, ఇక ఉంటాను.

నీ మిత్రుడు