కనుమ ఫొటోల్లో పశువు నిండుగా కనపడాలి

సంపాదకులు గారికి నమస్కారం.

కనుమ మర్నాడు పాఠకులు పంపిన పశువుల ఫొటోలు మీరు వేస్తారు, మా ఇంట్లో పేపరు చేతులు మారుతూ అందరం చూస్తాం. ఈసారి మాత్రం బాధేసింది. కొమ్ములకు రంగులున్నాయి, మెడలో గంటలున్నాయి, పశువే సగం లేదు. ఒకదాంట్లో గిట్టలు తెగిపోయాయి, ఇంకోదాంట్లో మూపురంలోంచి కరెంటు స్తంభం మొలిచినట్టుంది.

నేనూ అలాగే తీసేవాణ్ణి. నిరుడు మా ఒంగోలు గిత్తను అమ్మకానికి పెట్టి, ఎదురుగా దగ్గరగా నిలబడి తీసిన ఫొటో వాట్సాప్‌లో ఒకాయనకు పంపితే, "తల పెద్దది, కాళ్లు పొట్టిగా ఉన్నాయే" అన్నాడు. గిత్తలో ఏ లోపమూ లేదు. ఫోన్ దగ్గరగా పెడితే ముందున్న తల పెద్దదై వెనక ఒళ్లు చిన్నదవుతుంది. మర్నాడు పొద్దున్నే నీరెండలో నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి, కొంచెం జూమ్ చేసి, మోకాళ్ల మీద కూర్చుని పక్కనుంచి తీశాను. మా అబ్బాయి తవుడు డబ్బా గలగలలాడించగానే గిత్త చెవులు ముందుకు పెట్టి తలెత్తింది, గంగడోలు మడతలు, కాటుక పెట్టినట్టుండే కంటి చుట్టూ నలుపు, నాలుగు గిట్టలూ అన్నీ వచ్చాయి. అదే మనిషి ఆ ఫొటో చూసి బేరానికొచ్చాడు.

తెల్ల పశువును మిట్టమధ్యాహ్నం తీస్తే ఒళ్లంతా సున్నం కొట్టిన గోడలా వస్తుంది. తెరమీద పశువు ఒంటిపై వేలు పెట్టి వెలుతురు కాస్త తగ్గిస్తే చాలు. మొహం ముందు కొంత ఖాళీ వదలాలి, లేకపోతే గోడకు గుద్దుకున్నట్టుంటుంది. పుంగనూరు ఆవుది ఇంకో సంగతి, మూడడుగుల లోపే ఉంటుంది కాబట్టి పైనుంచి తీస్తే దూడ అనుకుంటారు, కింద కూర్చుని ఒక్కదాన్నే తీస్తే మామూలు ఆవు అనుకుంటారు. పక్కన మనిషిని నిలబెడితేనే దాని ఎత్తు తెలుస్తుంది.

బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతోనే నెలోర్ అని పెంచేది మన ఒంగోలు సంతతే. అక్కడి క్యాటలాగుల్లో కోడెను పక్కనుంచి, నాలుగు కాళ్లూ విడివిడిగా కనపడేలా తీస్తారు. పశువును ఎరిగినవాళ్లు మొదట చూసేది కాళ్లు, నడుము, మూపురమే మరి. మన దగ్గర పుట్టిన జాతిని మనం కొమ్ముల రంగు వరకే చూపిస్తే ఎలా?

మీకు రెండు మనవులు. ఫొటోలు పంపమని అడిగే ప్రకటనలోనే "పశువు మొత్తం, కాళ్లతో సహా రావాలి" అని ఒక ముక్క వేయండి. పేజీలో చోటు చాలక కత్తిరించాల్సి వస్తే గిట్టలు మాత్రం తీసేయకండి, ఒక ఫొటో తగ్గినా మేం ఏమీ అనుకోం.

- ఒక పశువుల రైతు, ప్రకాశం జిల్లా