పార్కు ప్రారంభించారు, గేటు ఎప్పుడు తీస్తారు?

సంపాదకుల వారికి,

పన్నెండు రోజుల కిందట మీ చెన్నై పేజీలో మా ఊరి మున్సిపల్ పార్కు ప్రారంభోత్సవం ఫోటో వేశారు. ముందు రిబ్బను కత్తిరిస్తున్న పెద్దలు, వెనక ఉయ్యాలల మీద ఇద్దరు పిల్లలు. ఆ ఇద్దరిలో నీలం చొక్కా వేసుకున్నవాడు మా మనవడు. ఆ ముక్క కత్తిరించి ఇంట్లో బీరువా తలుపుకు అంటించుకున్నాం. ఆ రోజు తర్వాత వాడు మళ్లీ ఆ ఉయ్యాల ఎక్కింది లేదు. అప్పుడే ఉత్తరం రాయబోతే, కొత్త కదా, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుందిలెండి అని మా ఆవిడ అంది. సరేనని ఆగాను. ఏమీ సర్దుకోలేదు.

వేళలు బోర్డు మీద బాగానే రాశారు. పొద్దున ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. కానీ పొద్దున తొమ్మిది కాకముందే తాళం పడుతోంది. సాయంత్రం గేటు తీసేసరికి ఐదున్నర అవుతోంది, ఒక్కోసారి ఆరు. ఏడింటికల్లా లైట్లు ఆర్పేసి అందరినీ వెళ్లమంటారు. మే నెల, బళ్లకు సెలవులు, ఊళ్లో పిల్లలంతా ఖాళీగా ఉన్న రోజులు. ఈ పార్కు రోజుకు నాలుగు గంటలు తెరిచి ఉంటే గొప్ప.

ఇందులో వాచ్‌మెన్ తప్పేమీ లేదు. పాపం, రెండు పార్కులకూ ఆయన ఒక్కడే. వాటర్ ట్యాంకు దగ్గర మోటారు వేసి ఆపే పని కూడా ఆయనదే. సైకిల్ హ్యాండిల్‌కు తాళాలగుత్తి తగిలించుకుని చెమటలు కక్కుతూ వస్తాడు. ఒకరోజు అడిగితే, "మాస్టారూ, అక్కడ ట్యాంకు నిండకుండా ఇక్కడికి వస్తే వీధి వీధంతా నన్ను తిడుతుంది" అన్నాడు. కాంట్రాక్టు కింద పనిచేసే మనిషి. మూడు నెలలకోసారి మనిషి మారతాడు, ఒక్కోసారి ఆ కాంట్రాక్టరే మారతాడు.

మొన్న సోమవారం సాయంత్రం ఐదింటికి నేను ఆ గేటు ముందు ముప్పావు గంట నిలబడ్డాను. మగపిల్లలు వచ్చారు, తాళం చూశారు, పక్కనున్న ఈబీ కరెంటు పెట్టె మీద కాలుపెట్టి గోడ దూకేశారు. ఒకడి చొక్కా ఊచకు తగులుకుని చంక దగ్గర చిరిగింది. ఆడపిల్లలు ఆరుగురు, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లు, స్కిప్పింగ్ తాళ్లు పట్టుకుని గేటు బయటే నిలబడిపోయారు. వాళ్లు గోడ దూకలేరు, దూకితే ఇంట్లో ఊరుకోరు. ఊచలు పట్టుకుని లోపల తమ్ముళ్లు ఆడుతుంటే చూశారు. ఆరు కావస్తుండగా ఒక తల్లి వచ్చి, చీకటి పడుతోంది పదమని వాళ్లందరినీ తీసుకుపోయింది. వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో, వాచ్‌మెన్ వచ్చి తాళం తీశాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. పిల్లలు ఆడుకోవాలంటే ఏం కావాలో నాకు తెలుసు. మా పార్కులో గ్రానైటు ఆర్చి కట్టారు, రంగు దీపాల ఫౌంటెన్ పెట్టారు, నడక దారంతా పేవర్ బ్లాకులు పరిచారు. పిల్లల కబడ్డీ కోర్టుకు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు మెత్తటి నేల చాలు. ఆ మాత్రం నేల కూడా వదలకుండా సిమెంటు వేశారు. సిమెంటు మీద కబడ్డీ ఆడితే మోకాళ్లు మిగులుతాయా? ఉయ్యాలల కింద ఇసుక పోయాలి, పోయలేదు. గొలుసులకు నెలకోసారి గ్రీజు పెట్టాలి. పన్నెండు రోజుల్లోనే ఒక గొలుసు కొక్కెం ఊడితే దాన్ని గోనె తాడుతో కట్టి వదిలేశారు. తాగడానికి నీళ్లు లేవు. మరుగుదొడ్డి ఉంది, దానికీ తాళమే.

పార్కు నడపడమంటే ఏమిటో వీళ్లకు ఎవరు చెప్పాలి? వేళకు గేటు తీసే మనిషి ఒకరు, ఆటలు ఆడించే మనిషి ఒకరు ఉండాలి. పొద్దున నడిచేవాళ్లు, మధ్యాహ్నం నీడ కోసం వచ్చే పెద్దవాళ్లు, సాయంత్రం పిల్లలు, ఎవరి వేళలు వాళ్లకు ఉండాలి. ఆడపిల్లలకు వారానికి మూడు రోజులైనా ఒక గంట విడిగా కేటాయించాలి. వేసవిలో నాలుగు వారాల శిబిరం పెట్టాలి. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఇదే స్థలం ఉత్త మట్టి మైదానం. ఒక ముగ్గుపిండి సంచి, రెండు బాల్ బ్యాడ్మింటన్ ఊలు బంతులు, ఒక నెట్టు, నా విజిల్. వాటితోనే ఏటా మే నెలంతా ఖోఖో, కబడ్డీ, బాల్ బ్యాడ్మింటన్ నేర్పించేవాణ్ణి. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాల పిల్లలూ, తమిళ పిల్లలూ కలిసే ఆడేవారు. అప్పుడు ఫౌంటెన్ లేదు, మైదానానికి గేటే లేదు.

ఇది ఎవరి బాధ్యతో తెలియక జరుగుతున్నది కూడా కాదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగినవని 18 పనులు రాశారు. అందులో 12వది పార్కులు, ఉద్యానవనాలు, ఆటస్థలాలు. దాని వెంటనే 13వది సాంస్కృతిక, విద్యా కార్యక్రమాలను ప్రోత్సహించడం. రాసినవాళ్లు స్థలాన్నీ అందులో జరగాల్సిన కార్యక్రమాన్నీ పక్కపక్కనే పెట్టారు. మన అధికారులు మొదటిదాన్ని టెండరుగా చదువుకున్నారు, రెండోదాన్ని చదవనే లేదు. ఫౌంటెన్‌కు బిల్లు అవుతుంది, ఆర్చికి శిలాఫలకం వస్తుంది. ఆటలు నేర్పే మనిషికి నెల జీతం అనేసరికి ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరుగుతుంది.

మైలాపూరులో లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు ఉంది. మీ పాఠకుల్లో చాలామంది దాని ముందు నుంచి వెళ్లే ఉంటారు. 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద ఉన్న పార్కు అది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక జరిగిన ఆయన ఇల్లు కూడా ఆ పక్కనే ఉండేది. ఆ పార్కును ఒక కంపెనీ దత్తత తీసుకుని చూసుకుంటోంది. అక్కడ ఆదివారం పొద్దున పిల్లల చేత కర్ణాటక సంగీత కచేరీ పెట్టిస్తారు. నేను ఒకసారి మా మనవరాలిని తీసుకెళ్లాను. నడవడానికి వచ్చినవాళ్లు బూట్లతోనే నిలబడిపోయి విన్నారు. మా మనవరాలు ఇంటికొచ్చి, తాతయ్యా, మన పార్కులో ఎందుకు పెట్టరు అని అడిగింది. మైలాపూరుకు కంపెనీ దొరుకుతుంది, మా లాంటి చిన్న ఊరికి ఎవరు వస్తారు? మా ఊరికి మున్సిపాలిటీయే దిక్కు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇది ఒక్క పార్కుతో పోయే విషయం కాదు. మా ఊరి చుట్టూ లేఅవుట్లు పుట్టగొడుగుల్లా వస్తున్నాయి. మన తమిళనాడులో 10,000 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌లో రోడ్లు పోను మిగిలిన స్థలంలో 10 శాతం అందరికీ పనికొచ్చేలా వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి. అదే ఓఎస్ఆర్ (ఓపెన్ స్పేస్ రిజర్వేషన్) స్థలం. మా వీధి చివర అలాంటిది ఒకటి ఉంది. ఇప్పుడు అక్కడ పాత నీళ్ల లారీ, కూల్చిన ఇళ్ల రద్దు, రాత్రయితే సీసాలు. బెంగళూరులో పార్కుకని వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే కాలనీవాళ్లు పోరాడారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. ఆ మధ్య చెన్నై నగరంలో 9 ఫుట్‌బాల్ మైదానాలను ప్రైవేటు చేతికిస్తామని తీర్మానం చేసి, జనం గట్టిగా అడిగేసరికి వెనక్కి తీసుకున్నారు. మా ఊళ్లో మాత్రం ఇచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. అడిగేవాళ్లం తక్కువ.

బళ్లలో మాత్రం ఏముంది? మైదానం లేని ప్రైవేటు బడికి కూడా ఆటల పీరియడ్ అని టైంటేబుల్ ఉంటుంది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ పీరియడ్ లెక్కల సారు తీసేసుకుంటాడు. పదో తరగతిలో అసలు ఉండదు. పన్నెండేళ్లకే కళ్లద్దాలు, పదిహేనేళ్లకే నడుము నొప్పి. తల్లిదండ్రులు నా దగ్గరకొచ్చి, మాస్టారూ, వీడు ఫోను వదలడం లేదు, ఒకటే టెన్షన్‌గా ఉంది అంటారు. ఫోను పక్కనపెట్టి వాడు ఎక్కడికి వెళ్లాలి?

పోయిన వారం కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్స్ డేకి వెళ్లి పిటిషన్ ఇచ్చాను. రసీదు మీద ముద్ర వేసి ఇచ్చారు. నాలుగు రోజులకు ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఇంజనీరింగ్ విభాగానికి పంపామని. గేటు తాళం తీయడానికి ఇంజనీరు ఎందుకు? మున్సిపల్ ఆఫీసుకు వెళితే, పార్కు పని పూర్తయింది సార్, ఫైలు మూసేశాం అన్నారు. ఆ మాట అన్న కుర్రవాడు మర్యాదస్తుడే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కానీ ఆ మాట వినగానే నాకు గేటు బయట నిలబడ్డ ఆరుగురు పిల్లలు కళ్లముందు మెదిలారు. వాళ్ల సెలవులు ఇంకో మూడు వారాల్లో అయిపోతాయి.

మీరు ప్రారంభోత్సవం ఫోటో వేశారు, సంతోషం. ఒక సాయంత్రం ఐదింటికి మీ విలేకరిని మళ్లీ పంపించండి. ఆ గేటు ఫోటో కూడా అంతే పెద్దగా వేయండి. మున్సిపాలిటీ వాళ్లను నేను అడుగుతున్నవి కొన్నే. ఈ పార్కుకంటూ ఒక మనిషిని పెట్టండి. మూలనున్న పేవర్ బ్లాకులు కొన్ని తీయించి కబడ్డీకి మట్టి నేల వదలండి. సాయంత్రం నాలుగింటికి గేటు తీయండి. ఈ మిగిలిన మూడు వారాలు ఆటలు నేర్పడానికి నేను వస్తాను, నాకు రూపాయి అక్కర్లేదు. నాతో పనిచేసి రిటైరైన ఇద్దరు టీచరమ్మలు ఆడపిల్లలకు నేర్పడానికి ఒప్పుకున్నారు. విజిల్ ఇంకా నా దగ్గరే ఉంది, ముగ్గుపిండి కొనిపెట్టాను. తాళంచెవి ఏ వేళకు ఎవరి దగ్గర ఉంటుందో గేటు మీద రాసి, కింద ఒక ఫోను నంబరు వేయిస్తే చాలు, నేనే వెళ్లి తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
చెన్నై ఉత్తర శివారు