న్యాయమూర్తులు పుచ్చుకునే కానుకలకూ ఒక రిజిస్టరు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ఆస్తుల వివరాలను 2025 మే నెలలో వెబ్‌సైట్‌లో ఉంచడం మెచ్చుకోదగినదే. అయితే ఆస్తి ఎంత ఉన్నదన్న దానికంటే, ఎవరి చేతి నుంచి ఏమి పుచ్చుకున్నారన్నది కక్షిదారుకు ముఖ్యం.

కుటుంబ సభ్యులు, దగ్గరి బంధువులు, మిత్రుల నుంచి తప్ప న్యాయమూర్తులు కానుకలు గానీ ఆతిథ్యం గానీ స్వీకరించరాదని సుప్రీంకోర్టు 1997 మే 7న ఆమోదించిన విలువల పత్రం చెబుతోంది. నియమం మంచిదే గానీ, బార్ నుంచి బెంచికి, అంటే న్యాయవాద వృత్తి నుంచి న్యాయమూర్తి పదవికి, వెళ్లిన వారికి మిత్రులంటే చాలా వరకు తోటి న్యాయవాదులు, పాత క్లయింట్లే. వారిలో ఎవరి కేసు ఎప్పుడు ఆ బెంచి ముందుకు వస్తుందో ఎవరికి తెలుసు? కానుక అందితే ఫలానా చోట తెలియజేయాలన్న నిబంధన ఆ పత్రంలో లేదు.

దీపావళికి స్వీట్ల డబ్బాతో వెళ్లిన గుమస్తాను గుమ్మంలోంచే తిప్పి పంపిన మేజిస్ట్రేట్లను మా కోర్టు ఆవరణలో అందరూ ఎరుగుదురు. వారు గీత దాటితే హైకోర్టు విచారణ జరిపి శిక్షించగలదు. హైకోర్టు న్యాయమూర్తి విషయంలో మాత్రం రాజ్యాంగం చూపిన దారి పార్లమెంటు ద్వారా తొలగింపు ఒక్కటే; అలా ఇంతవరకు ఏ ఒక్కరినీ తొలగించలేదు. వెండి పళ్లెం పుచ్చుకున్నారని ఎవరైనా అభిశంసన పెడతారా? న్యాయమూర్తిపై తోటి న్యాయమూర్తులే జరిపే 1999 నాటి అంతర్గత విచారణ విధానం ఉన్నా, అది సాధారణంగా గోప్యంగానే సాగుతుంది.

2008 ఆగస్టులో చండీగఢ్‌లో ఒక హైకోర్టు న్యాయమూర్తి ఇంటికి రూ.15 లక్షల నగదు వచ్చింది. ఆమె వెంటనే పోలీసులకు కబురు పంపారు. ఆ సొమ్ము మరో న్యాయమూర్తికి ఉద్దేశించినదన్న ఆరోపణపై సాగిన కేసు 2025 మార్చిలో ఆ రెండో న్యాయమూర్తి నిర్దోషిగా విడుదల కావడంతో ముగిసింది. మచ్చ మోసిన వారికైనా, తీర్పు కోసం చూసిన ప్రజలకైనా పదహారేళ్లకు పైగా నిరీక్షణ న్యాయమనిపించుకోదు.

న్యాయ ప్రమాణాలు, జవాబుదారీతనం బిల్లు 2012లో లోక్‌సభ ఆమోదం పొంది కూడా ఆ సభ గడువుతోనే మురిగిపోయింది. ప్రభుత్వ జోక్యం పెరుగుతుందన్న భయం కొట్టిపారేయదగినది కాదు. కనుక పార్లమెంటు కోసం చూడకుండా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులే ఫుల్‌కోర్టు (న్యాయమూర్తులందరి సమావేశం) తీర్మానంతో ఒక రిజిస్టరు తెరవవచ్చు. కానుక ఏమిటి, ఇచ్చినదెవరు, విలువ సుమారుగా ఎంత, ఇచ్చినవారికి ఆ కోర్టులో వ్యాజ్యం ఉందా అన్న వివరాలు హైకోర్టు పాలనా వ్యవహారాలు చూసే రిజిస్ట్రార్ జనరల్‌ వద్ద నమోదై, ఏటా ప్రజల ముందుకు రావాలి. పిల్లల పెళ్లిళ్లలో చదివించే కానుకలను, ఇతరులు ఖర్చు భరించే ప్రయాణాలను కూడా ఇందులో చేర్చాలి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

– ఒక న్యాయవాది, గుంటూరు