వేధింపు జరిగిన బస్సు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాలి

సంపాదకులకు నమస్కారం.

బస్సుల్లో, మెట్రో స్టేషన్ల మెట్ల దగ్గర, కోచింగ్ సెంటర్ల వీధుల్లో ఆడపిల్లలు పడుతున్న వేధింపుల గురించి మీ పత్రికలో తరచూ వార్తలు వస్తున్నాయి. వాటిలో చాలామట్టుకు పోలీసులు ఫలానా చోట ఆకతాయిలను పట్టుకున్నారనో, ఎక్కడో ఘోరం జరిగిపోయిందనో చెప్పేవే. కేసు దాకా వెళ్ళకుండా, ఇంట్లో కూడా చెప్పుకోకుండా రోజూ జరిగిపోయేది మాత్రం వార్త కాదు. నగరంలోని ఒక డిగ్రీ కళాశాలలో చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నదానిగా, నా విద్యార్థినులు ఎక్కే బస్సుల్లోనే తిరిగేదానిగా, దాని గురించే ఈ లేఖ రాస్తున్నాను.

ఈమధ్య ఒక సాయంత్రం కోఠి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్తున్న కిక్కిరిసిన బస్సులో కాలేజీ పిల్ల ఒకమ్మాయి నా ముందు నిలబడి ఉంది. పుస్తకాల సంచిని ఎదకు అడ్డంగా తగిలించుకుని, ఒక చేత్తో పైనున్న కడ్డీ పట్టుకుంది. ఆమె వెనకనున్న నడివయసు మనిషి బ్రేకు పడినప్పుడల్లా ఆమె మీదికి ఒరుగుతున్నాడు; బ్రేకు పడనప్పుడు కూడా ఒరుగుతున్నాడు. ఆ అమ్మాయి ఒకసారి పక్కకు జరిగింది, మళ్ళీ జరిగింది, ఇక జరగడానికి చోటు లేకపోయాక వెనక్కి తిరిగి, "అంకుల్, కొంచెం దూరం నిలబడండి" అని అందరికీ వినబడేట్టే అంది. అతను ఏమాత్రం తొణకలేదు. "రష్‌ల తగుల్తది, గంత ఇబ్బందైతే ఆటోల పో" అన్నాడు. ఎవరో నవ్వారు. "ఫ్రీగనే ఎక్కుతరు, మల్ల నఖ్రాలు" అని ఇంకెవరో అందుకున్నారు. ఒక పెద్దాయన, బహుశా మంచి మనసుతోనే, "పోనీ తియ్యి బిడ్డా, ఎనకాల ఇంకో బస్సొస్తది, దిగి అందుల రా" అని సలహా ఇచ్చాడు. నేనూ, నా పక్కనున్న ఇంకొకావిడా గట్టిగా కోప్పడ్డాక అతను వెనక్కి జరిగాడు గానీ, అప్పటికే ఆ అమ్మాయి కళ్ళ నిండా నీళ్ళతో నల్గొండ చౌరస్తాలో దిగిపోయింది. అతను మాత్రం బస్సులోనే ఉన్నాడు.

అతని ప్రవర్తన కన్నా, దిగిపోవలసింది ఆమేనని అంతమంది అంత సులువుగా అనుకోగలగడం నన్ను ఎక్కువగా బాధించింది. నిజానికి ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం సరిగ్గా ఇలాంటి సందర్భం కోసమే 2012లో ఒక ఆదేశం ఇచ్చింది. తమిళనాడులోని ఒక బస్టాండులో మహిళతో అసభ్యంగా ప్రవర్తించాడన్న ఆరోపణపై ఒక పోలీసు ఉద్యోగిని శాఖాపరమైన విచారణ జరిపి ఉద్యోగం నుంచి తొలగించారు. క్రిమినల్ కేసులో మాత్రం ముఖ్యమైన సాక్షులు ఎదురు తిరగడంతో అతను నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ ఉద్యోగం వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళినప్పుడు, న్యాయమూర్తులు కె.ఎస్. రాధాకృష్ణన్, దీపక్ మిశ్రాలతో కూడిన ధర్మాసనం ఆ ఏడాది నవంబరు 30న తొలగింపును సమర్థించడంతో ఊరుకోకుండా, రాష్ట్రాలన్నిటికీ వర్తించేలా కొన్ని ఆదేశాలు జారీ చేసింది. బస్టాపుల్లో, రైల్వే, మెట్రో స్టేషన్లలో, సినిమా హాళ్ళ దగ్గర, గుళ్ళ దగ్గర మఫ్టీలో మహిళా పోలీసులను ఉంచాలని, సీసీ కెమెరాలు, హెచ్చరిక బోర్డులు పెట్టాలని అందులో ఉంది. ఇవి కొంతవరకైనా జనానికి తెలుసు. తెలియనిది మరొకటుంది: బస్సులోగానీ మరే ప్రయాణికుల వాహనంలోగానీ వేధింపు జరిగి, బాధితురాలు ఫిర్యాదు చేస్తే, సిబ్బంది ఆ వాహనాన్ని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్ళి సమాచారం ఇవ్వాలి, అలా చేయకపోతే వాహనం పర్మిట్ రద్దు కావాలి. చూసినవాళ్ళు కూడా పోలీసులకో మహిళా హెల్ప్‌లైన్‌కో తెలియజేయాలని, అది వాళ్ళ బాధ్యతేనని ధర్మాసనం చెప్పింది.

ఈ సంగతి నా తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు నమ్మలేదు. బస్సును ఆపించే హక్కు తమకుందని వాళ్ళకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. వాళ్ళకు చిన్నప్పటి నుంచీ చెప్పినదంతా జాగ్రత్తల చిట్టానే: పిన్నీసు దగ్గరుంచుకో, చున్నీ సరిచేసుకో, కిటికీ పక్కన కూర్చోకు, చీకటి పడకముందే ఇల్లు చేరు, ఎవరైనా ఏమన్నా తలెత్తకుండా వచ్చెయ్. ఇవి ప్రేమతో చెప్పిన మాటలే, కాదనను. ఇన్ని జాగ్రత్తలు చెప్పిన తల్లిదండ్రులు, వేధించినవాణ్ని ఏం చేయవచ్చో ఒక్క మాటైనా చెప్పరు. పైగా ఇంట్లో చెబితే జరిగేదేమిటో పిల్లలకు బాగా తెలుసు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న అమ్మాయిల్లో చాలామంది నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి పోరాడి వచ్చినవాళ్ళు. హాస్టల్ వీధి మొదట్లో బైకులేసుకుని రోజూ వెంటపడుతున్నారని ఫోనులో చెబితే, "ఆ చదువు చాలు, వచ్చెయ్యమ్మా" అంటారని భయపడతారు. ఆ భయంతోనే నెలల తరబడి నోరు విప్పరు. నా దగ్గరకొచ్చి చెప్పుకున్నవాళ్ళు కూడా "మేడమ్, మా డాడీకి మాత్రం ఫోన్ చేయకండి" అన్న మాటతోనే మొదలుపెట్టారు. వేధింపుల లెక్క ఎవరు తీసినా ఈ మౌనం అందులోకి రాదు. మధ్యలో ఆగిపోయిన కోర్సులు, వదులుకున్న సాయంత్రపు ఉద్యోగాలు కూడా రావు.

చట్టం లేదని ఎవరూ అనలేరు. 2013 సవరణతో భారత శిక్షాస్మృతిలో చేరిన లైంగిక వేధింపు, వెంటపడటం అన్న నేరాలు దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ కొనసాగుతున్నాయి. అసభ్యమైన మాటలకు, సైగలకు 79వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. గౌరవానికి భంగం కలిగించేలా ఒంటి మీద చెయ్యి వేస్తే 74వ సెక్షన్ కింద ఏడాదికి తక్కువ కాకుండా ఐదేళ్ళ దాకా పడవచ్చు. ఏ స్టేషన్ పరిధి అన్న ప్రశ్న లేకుండా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. ఇలాంటి ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలని కూడా చట్టంలో ఉంది.

2014 అక్టోబరులో మన నగరంలో మొదలైన షీ టీమ్స్, అంటే ఆడవాళ్ళను వేధించేవాళ్ళను పట్టుకునే పోలీసు బృందాలు, చేస్తున్న మేలును నేను మనస్ఫూర్తిగా గుర్తిస్తాను. మఫ్టీలో తిరుగుతూ, వీడియో సాక్ష్యంతో పట్టుకుని, కుటుంబ సభ్యులను పిలిపించి వాళ్ళ ఎదుటే కౌన్సెలింగ్ ఇచ్చే పద్ధతి చాలామంది కుర్రవాళ్ళకు భయం చెప్పింది. నాంపల్లి నుమాయిష్‌లో, బోనాల జాతర్లలో, ఖైరతాబాద్ గణపతి దర్శనానికి వచ్చే జనంలో వాళ్ళు ఉన్నారన్న ధైర్యం మాకూ ఉంది. అయితే షీ టీమ్ ప్రతి బస్సులోనూ ఉండలేదు. ఉండేది డ్రైవరు, కండక్టరు, తోటి ప్రయాణికులు. అందుకే సుప్రీంకోర్టు బాధ్యతను వాళ్ళ మీద కూడా పెట్టింది.

2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. ఉచిత ప్రయాణం వల్ల ఎందరో ఆడవాళ్ళు ఇల్లు కదిలి పనికి, చదువుకు వెళ్ళగలుగుతున్నారు. ఆ పథకం ఆగకూడదన్నదే నా కోరిక. అయితే ముందు భాగం ఆడవాళ్ళది, వెనక భాగం మగవాళ్ళది అన్న పాత ఏర్పాటు ఇప్పుడు రద్దీ వేళల్లో నిలబడటం లేదు. ఆడవాళ్ళు వెనకదాకా నిలబడక తప్పడం లేదు. దానికి తోడు, జీరో టికెట్ తీసుకున్న స్త్రీకి నోరెత్తే అర్హత లేదన్నట్టు మాట్లాడేవాళ్ళు బయలుదేరారు. టికెట్ డబ్బు ప్రభుత్వం కడుతున్నదా, ప్రయాణికురాలు కడుతున్నదా అన్నదానితో ఆమె ఒంటి మీది గౌరవానికి ఏ సంబంధమూ లేదు.

బస్సును స్టేషన్‌కు మళ్ళిస్తే మిగతా ప్రయాణికులు ఆలస్యమవుతారని, డ్రైవరు ట్రిప్పు పోతుందని, ఆరోపణ అబద్ధమైతే ఎలాగని అడిగేవాళ్ళుంటారు. ఇవి తోసిపుచ్చదగిన ప్రశ్నలు కావు. కాని నగరంలో పోలీస్ స్టేషన్ చాలాసార్లు బస్సు వెళ్ళే దారిలోనే, లేదంటే దగ్గర్లోనే ఉంటుంది. కోఠి నుంచి దిల్‌సుఖ్‌నగర్ లోపే సుల్తాన్‌బజార్, చాదర్‌ఘాట్, మలక్‌పేట స్టేషన్లున్నాయి. అలా పోయిన సమయాన్ని సిబ్బంది డ్యూటీలో తప్పుగా లెక్కించకూడదని యాజమాన్యం రాతపూర్వకంగా చెబితే వాళ్ళ భయం పోతుంది. స్టేషన్‌కు తీసుకెళ్ళడమంటే నేరం నిర్ణయించడం కాదు కనుక, నిజానిజాలు తేల్చే పని పోలీసులకు వదిలేయవచ్చు. ఇలా కొన్నాళ్ళు గట్టిగా జరిగితే, ఆలస్యానికి కారణం ఫిర్యాదు చేసిన అమ్మాయి అని కాక, చెయ్యి వేసినవాడని ప్రయాణికులే గుర్తిస్తారని నా నమ్మకం.

ఆర్టీసీ అధికారులను, రవాణా, పోలీసు శాఖలను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ప్రతి సిటీ బస్సులో, డ్రైవరు వెనక అద్దం మీద, ఆడవాళ్ళ సీట్ల పైన, తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్ద అక్షరాలతో ఆ ఆదేశాన్ని రాయించాలి. పక్కన అత్యవసర సాయానికి పిలిచే 112 నంబరు ఉండాలి. డిపోల్లో డ్రైవర్లకు, కండక్టర్లకు, ముఖ్యంగా రాత్రి డ్యూటీ చేసే మహిళా కండక్టర్లకు, ఫిర్యాదు రాగానే ఏం చేయాలో చూపించాలి. వేధింపులకు గురయ్యే మహిళా కండక్టర్ల సంగతి ఎవరూ మాట్లాడరు కనుక ఇక్కడ ప్రత్యేకంగా చెబుతున్నాను.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఆ ఆదేశాల పూర్తి పాఠాన్ని సరళమైన తెలుగులో మీ హైదరాబాద్ జిల్లా పేజీలో ఒక రోజు ప్రచురించండి. కళాశాలల నోటీసు బోర్డుల మీద, హాస్టళ్ళ గేట్ల దగ్గర దాన్ని కత్తిరించి అంటించే పని నా విద్యార్థినులు చేస్తామన్నారు.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు,
హైదరాబాద్